విరిగిన ఎముకకు కడ్డీ వేశారు సరే, మిగిలిన ఎముకల సంగతేమిటి?

బాత్‌రూములో జారిపడి, మంచం దిగబోయి, గడప తగిలి తుంటి విరగ్గొట్టుకుని వచ్చే పెద్దవయసువారిని మా నర్సులు ప్రతి ఏటా చూస్తూనే ఉంటారు. ఆంబులెన్సు, ఎక్స్‌రే, రక్తం, ఆపరేషను అంటూ కుటుంబమంతా పరుగులు పెడుతుంది. కొడుకు హైదరాబాదు నుండి, కూతురు చెన్నై నుండి వచ్చి వాలతారు. డాక్టరుగారు కడ్డీయో ప్లేటో వేస్తారు. కుట్లు విప్పుతారు. "ఆపరేషను బాగా జరిగింది" అని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఇక పని అయిపోయిందనుకుంటారు.

అయిపోలేదని చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నిలుచున్న ఎత్తు నుండి పడినంత మాత్రాన బలమైన ఎముక సాధారణంగా విరగదు. విరిగిందంటే ఆ ఒక్క ఎముకే కాదు, ఒంట్లోని మిగతా ఎముకలు కూడా గుల్లబారి ఉండవచ్చని అనుమానించాలి. కడ్డీ వేసింది ఒక్క చోటే. రెండో తుంటి, వెన్నుపూసలు, మణికట్టు నిన్న ఎలా ఉన్నాయో ఈ రోజూ అలాగే ఉన్నాయి. వాటిని కాపాడే మందులు ఉన్నాయి. మరి ఇంటికి వెళ్ళేటప్పుడు మన చేతిలో ఉండే చీటీ చూడండి. నొప్పి మాత్ర, గ్యాసు మాత్ర, కాల్షియం మాత్ర, ఒక యాంటీబయాటిక్. చాలా చీటీలలో అంతే.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. యాభై దాటినవారికి చిన్నపాటి పడడంతో ఎముక విరిగితే, ఎముక తరుగుదలను నెమ్మదింపజేసే మందు గురించి మాట్లాడకుండా ఏ ఆసుపత్రీ వారిని ఇంటికి పంపకూడదు. ఏ కుటుంబమూ అడగకుండా వెళ్ళకూడదు. అంతే గట్టిగా రెండో మాట కూడా చెబుతాను. మన శ్రీకాకుళం జిల్లాలో మూత్రపిండాల పరీక్ష చేయించకుండా ఆ మందు మొదలుపెట్టకూడదు.

ఈ మందులు చేసే పని ఏమిటి?

ముందుగా ఒక పొరపాటు తొలగించుకుందాం. మోకాళ్ళ అరుగుదల వేరు, ఎముకలు గుల్లబారడం వేరు. మోకాలు అరిగితే నొప్పి పుడుతుంది, కీలు బిగుసుకుంటుంది. ఎముక గుల్లబారితే విరిగేదాకా నొప్పే ఉండదు. అందుకే చాలామందికి తెలియదు.

ఎముక రాయి లాంటిది కాదు. పాత ఇంటిని కొంచెం కొంచెంగా కూల్చి మళ్ళీ కట్టుకున్నట్టు, మన ఒంట్లో ఎముక జీవితమంతా కూలుతూ, కట్టబడుతూ ఉంటుంది. కూల్చే కణాలు కూలీలనుకోండి, కట్టే కణాలు తాపీమేస్త్రీలనుకోండి. వయసులో ఉన్నప్పుడు ఇద్దరి పనీ సమానంగా సాగుతుంది. ముట్లుడిగిన తర్వాత ఆడవారిలో ఈస్ట్రోజెన్ హార్మోను తగ్గిపోతుంది. అప్పుడు కూల్చేవారి జోరు పెరుగుతుంది, కట్టేవారు అందుకోలేరు. గోడ పలచబడిపోతుంది.

కాల్షియం మాత్ర ఇటుకల వంటిది, విటమిన్ డి ఆ ఇటుకలను లోపలికి మోసుకువచ్చే బండి వంటిది. రెండూ కావలసినవే. కానీ ఇటుకలు ఎన్ని దింపినా కూల్చేవారి చేయి ఆగదు కదా! ఆ చేతిని పట్టుకునేవే నేను చెబుతున్న మందులు. వీటిలో ఎక్కువగా వాడేవి బిస్ఫాస్ఫోనేట్లు. అలెండ్రోనేట్ వారానికొక మాత్ర, రిసెడ్రోనేట్ కూడా వారానికొకటి, ఐబాండ్రోనేట్ నెలకొకటి. జోలెడ్రోనిక్ ఆసిడ్ అయితే ఏడాదికి ఒక్కసారి సెలైన్ లాగా నరంలోకి ఎక్కిస్తారు.

ఈ మందుల పుట్టుక కూడా వినదగ్గదే. ఈ జాతి రసాయనాలను మొదట నీటిలో సున్నం గట్టిపడి గొట్టాలు పూడుకుపోకుండా వాడేవారు. స్విట్జర్లాండ్‌లో హెర్బర్ట్ ఫ్లీష్ అనే వైద్యుడు, ఆయనతోటి వారు ఇవి ఎముక కరిగిపోవడాన్ని కూడా అడ్డుకుంటాయని 1969లో ప్రకటించారు. అమెరికాలో అలెండ్రోనేట్‌కు 1995లో అనుమతి వచ్చింది. అంటే ఇది నిన్న మొన్న వచ్చిన మందు కాదు. పేటెంటు గడువు తీరి చాలా ఏళ్ళయింది కాబట్టి ఎన్నో కంపెనీలు తయారు చేస్తున్నాయి. కంపెనీ పేరు చూసి కాక మందు పేరు చూసి కొనుక్కుంటే ఖర్చు తగ్గుతుంది.

మేలు ఎంత?

మందు మంచిదంటే సరిపోదు, ఎంత మంచిదో చెప్పాలి. అప్పటికే వెన్నుపూస విరిగి ఉన్న 2027 మంది స్త్రీల మీద జరిగిన అలెండ్రోనేట్ పరిశోధన ఫలితాలు 1996లో వెలువడ్డాయి. సుమారు మూడేళ్ళలో మందు లేనివారిలో వెయ్యికి 22 మందికి తుంటి విరిగితే, మందు వాడినవారిలో వెయ్యికి 11 మందికి విరిగింది. సగానికి సగం తగ్గింది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది 2007లో వెలువడిన మరొక పరిశోధన. తుంటి విరిగి ఆపరేషను అయిన 2127 మందిలో సగం మందికి మూడు నెలల లోపల మొదటి జోలెడ్రోనిక్ ఆసిడ్ ఎక్కించి, ఆ తర్వాత ఏడాదికొకసారి ఇచ్చారు. మిగతావారికి మందు లేని సెలైన్ ఇచ్చారు. మందు లేనివారిలో నూటికి సుమారు 14 మందికి మళ్ళీ ఎక్కడో ఒకచోట ఎముక విరిగింది. మందు ఎక్కినవారిలో అది నూటికి 9కి తగ్గింది. మరణాలు కూడా నూటికి 13 నుండి 10కి తగ్గాయి. అందులో పాల్గొన్నవారి సగటు వయసు 74 ఏళ్ళు.

"ఈ వయసులో ఇంకా మందులెందుకమ్మా" అని ఇంటివాళ్ళు అంటూ ఉంటారు. ఆ 74 అనే అంకెను వారు గుర్తుపెట్టుకోవాలి. ఈ వయసులోనే కావాలి. రెండో తుంటి విరిగితే లేచి నడవగలిగేవారు తక్కువ. మంచం పట్టినవారికి పుండ్లు, ఊపిరితిత్తుల్లో నిమ్ము, సేవ చేసే కోడలికి కూలి పోవడం, ఇవన్నీ ఆ ఇంటికి తెలుసు. మందిరంలో ముందు బల్ల మీద కూర్చునే పెద్దమ్మ మెల్లగా రావడం మానేస్తుంది. ఆమె రాకపోవడాన్ని మనం వయసు మీదకు తోసేస్తాం.

మనవారికి ఎందుకు ముందుగా వస్తుంది?

2015-16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏళ్ళ లోపు స్త్రీలలో నూటికి సుమారు 9 మంది గర్భసంచి తీయించుకున్నారు. దేశం మొత్తం మీద అది నూటికి 3 మాత్రమే. అంత చిన్నవయసులో అండాశయాలు కూడా తీసేస్తే ఆ రోజు నుండే ఎముక తరుగుదల మొదలవుతుంది. అండాశయాలు ఉంచినా కొందరిలో ముట్లు ఆగే వయసు ముందుకు జరుగుతుంది. ముప్పై అయిదేళ్ళకు ఆపరేషను అయినవారు అరవై దగ్గరకు వచ్చేసరికి ఎముకలకు పాతికేళ్ళ నష్టం జరిగి ఉండవచ్చు. అటువంటివారు ఎముక విరిగేదాకా ఆగకుండా డాక్టరుగారితో ఆ మాట చెప్పి పరీక్ష గురించి అడగాలి. ఆపరేషను కాగితాలలో అండాశయాలు తీశారో లేదో రాసి ఉంటుంది, ఆ కాగితాలు పారేయకండి.

రెండవది ఎండ. అరసవల్లిలో సూర్యుడికి గుడే ఉంది, మనకు ఎండ కొదవా అంటారు. కానీ తిరుపతిలోని స్విమ్స్ వైద్యులు 2000 దశకంలో చేసిన పరిశీలనల్లో మన రాష్ట్రంలో ఆరోగ్యంగా కనిపించేవారిలో కూడా విటమిన్ డి తక్కువగా ఉన్నట్టు, ఆహారంలో కాల్షియం చాలా తక్కువగా ఉన్నట్టు తేలింది. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫారసు ప్రకారం ముట్లుడిగిన స్త్రీకి రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. మన చోళ్ళలో 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. మన పెద్దలు తాగిన చోడి అంబలిని మనం పేదవారి తిండి అని వదిలేసి, తర్వాత కాల్షియం సీసాలు కొంటున్నాము. అంబలి, పెరుగు, నువ్వులు, ముల్లుతో సహా తినే చిన్న చేపలు మళ్ళీ కంచంలోకి రావాలి.

మూడవది పొగాకు. చుట్ట ఎముకకు చేటు చేస్తుంది. మన ప్రాంతంలో నిప్పు లోపలకు పెట్టుకుని అడ్డపొగ తాగే అమ్మలు ఇంకా ఉన్నారు. వారికి నోటి జబ్బుల భయం కూడా తోడవుతుంది. నాలుగవది స్టీరాయిడ్ మాత్రలు. ఆయాసానికి, కీళ్ళవాతానికి నెలల తరబడి వాడేవారి ఎముకలు త్వరగా గుల్లబారతాయి. పేరు లేని పొట్లాలలో ఇచ్చే నొప్పి మందులలో ఏముందో ఎవరికి తెలుసు? పేరు చెప్పని మందు మింగకండి.

మన జిల్లాకు ప్రత్యేకమైన జాగ్రత్త

నా రెండో మాటకు వస్తాను. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి మీకు నేను చెప్పనక్కరలేదు. 2019లో అచ్చయిన ఒక పరిశోధనలో అక్కడ పరీక్షించిన 2210 మందిలో నూటికి సుమారు 18 మందికి దీర్ఘకాల కిడ్నీ జబ్బు ఉన్నట్టు తేలింది. షుగరు, బీపీ లేనివారిలో కూడా ఆ జబ్బు కనబడుతోంది.

బిస్ఫాస్ఫోనేట్ మందు ఒంట్లో నుండి బయటకు పోయే దారి మూత్రపిండాలే. అవి నిమిషానికి 35 మిల్లీలీటర్ల కంటే తక్కువ వడపోస్తుంటే అలెండ్రోనేట్, జోలెడ్రోనిక్ ఆసిడ్ ఇవ్వవద్దని నియమం. ఇక్కడే ఒక చిక్కు ఉంది. రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.2 వస్తే "నార్మల్" అని చీటీ మడిచి పెట్టేస్తాం. కానీ 75 ఏళ్ళ వయసు, 40 కిలోల బరువు ఉన్న అమ్మకు అదే 1.2తో లెక్క కడితే వడపోత నిమిషానికి సుమారు 26 మిల్లీలీటర్లే వస్తుంది! సన్నగా ఉన్న పెద్దవారిలో కండ తక్కువ కాబట్టి క్రియాటినిన్ తక్కువగా కనబడి మోసం చేస్తుంది. అందుకే అంకె ఒక్కటే చూడకుండా వయసు, బరువు వేసి లెక్క కట్టమని అడగండి. లెక్కకు రెండు నిమిషాలు పడుతుంది. పేషెంటు బరువు తూచి కేసుషీటులో రాయడం మా నర్సుల పని. ఆ బరువు మీదే ఈ లెక్క ఆధారపడుతుంది.

కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి ఎముక జబ్బు తీరే వేరుగా ఉంటుంది. వారికి మందు ఏది అన్నది కిడ్నీ డాక్టరుగారు చూడాలి. ఆరు నెలలకొకసారి చర్మం కింద ఇచ్చే డెనోసుమాబ్ అనే ఇంజెక్షను కిడ్నీ మీద భారం వేయదు. అయినా డయాలిసిస్‌లో ఉన్నవారికి దానివల్ల రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పడిపోవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024 జనవరిలో గట్టి హెచ్చరిక ఇచ్చింది. పైగా ఆ ఇంజెక్షను మధ్యలో మానేస్తే ఎముక తరుగుదల ఒక్కసారిగా ఎగసి, వెన్నుపూసలు ఒకదాని తర్వాత ఒకటి విరగవచ్చు. ఆపవలసి వస్తే దాని స్థానంలో మరొక మందు మొదలుపెట్టాలి. డబ్బు ఉన్నప్పుడు ఒకటి వేయించుకుని, లేనప్పుడు మానేసే ఇంజెక్షను కాదది.

వాడే పద్ధతి

వారపు మాత్రకు నియమాలు ఉన్నాయి. అవి పాటించకపోతే మందు పనిచేయదు, గొంతు కింద అన్నవాహిక కూడా పుండు పడుతుంది. ఉదయం లేవగానే పరగడుపున, నిండు గ్లాసు మంచినీళ్ళతో మింగాలి. కాఫీ, టీ, పాలు, గంజి పనికిరావు. నమలకూడదు, చప్పరించకూడదు. తర్వాత అరగంట సేపు ఏమీ తినకూడదు, పడుకోకూడదు; కూర్చోవాలి, లేదా నడవాలి. కాల్షియం మాత్ర దీనితో కలిపి వేసుకోకూడదు, మధ్యాహ్నం భోజనంతో వేసుకోండి. వారంలో ఒక రోజు ఖాయం చేసుకుంటే మరచిపోరు. ఆదివారం తెల్లవారి మాత్ర వేసుకుని, మందిరానికి తయారయ్యేలోగా అరగంట గడిచిపోతుంది.

వెన్ను నిటారుగా పెట్టి అరగంట కూర్చోలేనివారికి, మింగడం కష్టమైనవారికి ఈ మాత్ర వద్దు. పిల్లలు వలస వెళ్ళి ఒంటరిగా ఉంటున్న పెద్దవారికి కూడా, కిడ్నీలు బాగుంటే, ఏడాదికొకసారి ఎక్కించే మందే అనుకూలమని నా అనుభవం చెబుతోంది. పండుగకు కొడుకు వచ్చినప్పుడు పని పూర్తవుతుంది. ముందు విటమిన్ డి లోపం సరిచేయాలి. ఆ రోజు నీళ్ళు బాగా తాగాలి. మొదటిసారి ఎక్కించిన తర్వాత కొందరికి ఒకటి నుండి మూడు రోజులు జ్వరం, ఒళ్ళునొప్పులు వస్తాయి. పారాసిటమాల్‌తో తగ్గుతాయి. భయపడి "ఈ మందు పడలేదు" అనుకోవద్దు.

దవడ ఎముక దెబ్బతింటుందని, తొడ ఎముక విరుగుతుందని కొందరు విని మందు మానేస్తున్నారు. ఆ రెండూ నిజమే, కానీ చాలా అరుదు. దవడ సమస్య ఎముకల కోసం ఇచ్చే మోతాదులో పదివేల మందిలో ఏడాదికి ఒకరికి, లేదా అంతకంటే తక్కువమందికి వస్తుంది. పాడైన పళ్ళుంటే మందు మొదలుపెట్టక ముందే తీయించుకోండి. తర్వాత పన్ను తీయించవలసి వస్తే పళ్ళ డాక్టరుగారికి ఈ మందు సంగతి చెప్పండి. తొడలోనో గజ్జలోనో కొత్తగా నొప్పి మొదలైతే వెంటనే వచ్చి చూపించండి. ఇది జీవితాంతం వాడే మందు కూడా కాదు. మాత్రలైతే అయిదేళ్ళకు, ఏడాది ఇంజెక్షనయితే మూడేళ్ళకు డాక్టరుగారు మళ్ళీ చూసి, కొనసాగించాలో, కొంతకాలం విరామం ఇవ్వాలో నిర్ణయిస్తారు. మీ అంతట మీరు ఆపవద్దు, మీ అంతట మీరు పొడిగించవద్దు.

మడమ మీద చిన్న యంత్రం పెట్టి చేసే ఉచిత శిబిరాల గురించి కూడా అడుగుతున్నారు. ఆ అంకె చూసి మందు మొదలుపెట్టడం సరికాదు. తుంటికి, నడుముకు చేసే డెక్సా స్కాన్ ప్రమాణం. అయితే అప్పటికే చిన్న దెబ్బకు తుంటి విరిగినవారి విషయంలో స్కాన్ కోసం నెలలు ఆగనక్కరలేదు. విరగడమే పెద్ద సాక్ష్యం.

ఇంటికి వెళ్ళే రోజున మూడు ప్రశ్నలు అడగండి. "మా అమ్మకు ఎముక తరుగుదల ఆపే మందు అవసరమా? ఆమె వయసు, బరువు వేసి కిడ్నీ లెక్క కట్టారా? మొదటి మోతాదు ఏ రోజు, మళ్ళీ ఎప్పుడు చూపించాలి?" డాక్టరుగారిని అడగడానికి మొహమాటమైతే నర్సును అడగండి. జవాబు తెలుసుకుని మీకు చెప్పడం మా విధి. స్త్రీల సమాజంవారు కూడా ఒక పని చేయవచ్చు. తమ సంఘంలో యాభై దాటాక చెయ్యిగానీ నడుముగానీ తుంటిగానీ విరిగినవారు ఎవరెవరో ఒక కాగితం మీద రాసి, ఒక్కొక్కరినీ ఆసుపత్రికి తీసుకురండి. అయిదేళ్ళ కిందట విరిగినా సరే, ఇప్పటికైనా పరీక్ష చేయించి మందు గురించి అడిగితే మేలే.

– నర్సింగ్ సూపరింటెండెంట్